మూడుసార్లు వినందే మాట చెప్పని మనిషి

ఖానాపురం హవేలిలో మా సందు చివర ఒక కారు మెకానిక్ ఉన్నాడు. పని లేని పూట పాత ఇంగ్లీషు మోటారు పత్రికలు ముందేసుకుని కూర్చుంటాడు. మొన్న నన్ను పిలిచి ఒక వార్త చదివి తెలుగులో చెప్పాడు. ఎక్కడో విదేశంలో ఒక స్పోర్ట్స్ కారు చేశారట. చక్రాల లోపల అగ్గిపెట్టె అంత యంత్రం పెడతారట. టైరులో గాలి తగ్గితే అది కనిపెట్టి డ్రైవరు ముందు దీపం వెలిగిస్తుందట. నేను రోజూ ఇంతకంటే పెద్ద కోతలు కోసే మనిషిని గనక నమ్మడానికి నాకు కష్టం కాలేదు. కానీ వార్త అడుగున ఇంకో ముక్క ఉంది. ఆ చక్రాలు విప్పి వేరేవి బిగిస్తే దీపం వెలగదట. కొత్త చక్రాన్ని బండికి మళ్లీ పరిచయం చేయాలట. పరిచయం లేని చక్రం గురించి ఆ యంత్రం మంచీ చెప్పదు, చెడూ చెప్పదు.

"గిట్లాంటి మనిషి నాకు ఎరికే," అన్నాను.

మెకానిక్ పత్రిక మూసి నవ్వాడు. "షురూ జేసినవా అన్నా," అన్నాడు.

అతని తప్పు లేదు. నా నోటికి ఈ వైపు ఉన్న పేరు అది. కానీ ఆ పూట నేను కథ మొదలుపెట్టలేదు. ఆ మనిషి చనిపోయాడని అంతకు నాలుగు రోజుల ముందే ఒక వెదురు లారీ డ్రైవరు చెప్పాడు. టీ తాగుతూ, ఇంకేదో మాట మధ్యలో చెప్పాడు. భద్రాచలం దవాఖానాలో పోయాడట. జ్వరమట. అంతకు మించి అతనికి తెలియదు.

ఆయన పేరు నాకు తెలుసు, రాయను. ఆ దారిలో ఎవరూ పేరు పెట్టి పిలిచింది లేదు. లారీల వాళ్లకీ, జీపుల వాళ్లకీ, గేటు దగ్గర ఫారెస్టు గార్డుకీ ఆయన పెద్దన్న. భద్రాచలం దాటి చింతూరు తొవ్వలో, పొలాలు అయిపోయి అడవి పట్టుకునే చోట ఒక చెక్‌పోస్టు ఉండేది. దాని పక్కన నాలుగు గుంజలు, పైన రేకులు, కింద నూనె తాగి నల్లబడ్డ నేల. అదే ఆయన పంక్చర్ షాపు. పదేళ్లు నేను ఆ లైన్లో కిరాయి జీపు తోలాను. ఆ పదేళ్లలో ఆయన సరే అనకుండా నా బండి అడవిలోకి పోలేదు. నాదే కాదు, ఎవరిదీ పోలేదు. ముందు ఘాట్ ఉంది, వాగులున్నాయి, మధ్యలో టైరు పేలితే పలికే నాథుడు లేడు.

ఆయన దగ్గర గాలి కొలిచే మీటరు లేదు. మూరెడు మద్ది కర్ర ఉండేది, పట్టుకుని పట్టుకుని నున్నబడింది. దానితో టైరును మూడుచోట్ల కొట్టేవాడు. నడినెత్తిన ఒకటి, చెంప మీద ఒకటి, రిమ్ము అంచున ఒకటి. కొట్టేటప్పుడు ఎడమ చెవి కిందికి వంచి, నోరు కొంచెం తెరిచి పెట్టేవాడు. నోరు మూస్తే చెవి సగమే పని చేస్తుందని ఆయన నమ్మకం. ఆ క్షణంలో ఎవరి ఇంజనూ నడవకూడదు. బస్సు వచ్చి ఆగి ఉన్నా సరే, డ్రైవరు ఇంజను బందు చేయాల్సిందే. ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు పెట్టి విసుక్కునేవాళ్లు. ఆయన తల ఎత్తేవాడు కాదు. చెయ్యి ఒక్కటి గాలిలోకి లేచి, ఆగమన్నట్టు అట్లాగే ఉండేది.

విన్నాక పౌండ్లలో చెప్పేవాడు కాదు, ముద్దల్లో చెప్పేవాడు. "ఇంక రెండు ముద్దలు వెట్టాలె," అంటే రెండు పౌండ్లు తక్కువని. "నాలుగు ముద్దలు ఎక్కువ మింగింది," అంటే తీసెయ్యాలని. మొదట్లో నమ్మక నేను భద్రాచలం బంకుకు పోయి మీటరు పెట్టించి చూశాను. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. ముద్ద తేడా రాలేదు.

అయితే ఆ చెవికి ఒక కట్టుబాటు ఉండేది. కొత్త బండి వస్తే మూడుసార్లు వింటే తప్ప ఆయన నోరు విప్పడు. ఒకసారి ఖాళీ బండితో, ఒకసారి లోడుతో, ఒకసారి ఎండలో ఇరవై మైళ్లు నడిచి వచ్చిన వేడి మీద. మూడూ అయ్యాక రిమ్ము లోపలి వైపు పసుపు రంగు చుక్క పెట్టేవాడు. ఇక ఆ చక్రం ఆయనకు తెలిసిన చక్రం. చుక్క లేని చక్రం ఎవరు తెచ్చినా కర్ర ముట్టేవాడు కాదు. వేరే బండి స్టెపినీ అడిగి తెచ్చి బిగించుకున్నా అంతే. రిమ్ము మారితే మోత మారుతుందట, టైరు మందం మారితే మోత మారుతుందట. ఒకసారి పెళ్లివాళ్ల జీపు ఆగింది. లోపల పెళ్లికొడుకు ఉన్నాడు, ముహూర్తం దాటిపోతోంది, వెనక చక్రం ఎవరిదో అరువు చక్రం. డ్రైవరు బతిమాలాడు, తిట్టాడు, మళ్లీ బతిమాలాడు. ఈయన ఒకటే మాట. "గది ఎవలదో నాకు ఎర్కలే. మీటరున్న కాడికి పోండ్రి." వాళ్లు భద్రాచలం దాకా వెనక్కి పోయారు.

చెవి గురించి ఆయనకు వేరే చాదస్తాలు కూడా ఉండేవి. పొద్దున్నే చన్నీళ్లతో చెవులు కడిగేవాడు. డప్పుల దగ్గరికి పోయేవాడు కాదు. తన తమ్ముడి పెళ్లిలో మేళం వాళ్లను వాగు అవతల నిలబెట్టి వాయించమన్నాడు. ఇది నేను కల్పించింది కాదు, అందులో డోలు వాయించినాయనే నాకు చెప్పాడు.

కల్పించినవి వేరే ఉన్నాయి. పెద్దన్న ఒక బస్సు టైరు కొట్టి, మూడో వరసలో కూర్చున్నాయన టికెట్టు తీసుకోలేదని చెప్పాడన్నాను. సర్కారు జీపు చక్రం కొట్టి, లోపలున్న అధికారికి బదిలీ అయిందన్నాడని, సాయంత్రానికి కాగితం వచ్చిందని చెప్పాను. కొత్తగూడెం నుంచి ముదిగొండ దాకా జీపులో ఎక్కిన ప్రతివాడికీ చెప్పాను. నవ్వుతారు, తొవ్వ సాగినట్టే తెలియదు, దిగేటప్పుడు నా జీపే మళ్లీ ఎక్కాలనుకుంటారు. వీటితో ఎవరికీ నష్టం లేదు. ఒక్కటి మాత్రం ఉంది. ఏ దేశపు చక్రమైనా, ఎన్నడూ చూడని చక్రమైనా, ఒక్క దెబ్బకు గాలి ఎంతో చెప్పేస్తాడని కూడా అన్నాను. మూడుసార్లు వినాలి అని చెబితే కథలో పస ఉండదు కదా.

ఇవి తిరిగి తిరిగి ఆయన దాకా పోయాయి. ఒకరోజు నా జీపు చక్రం విప్పుతూ, నా మొహం చూడకుండా అన్నాడు. "నా గురించి గంత జెప్పకు తమ్మీ. నేను గంతుండ."

నేను నవ్వేశాను.

తర్వాత కొన్నాళ్లకు జీపు అమ్మేసి నౌకరీలో చేరాను. నేలకొండపల్లి దగ్గర ఒక రైతు కుటుంబం ఉంది. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొన్నవాళ్లు. వాళ్ల చిన్నకొడుకును అందరూ చినబాబు గారు అనేవాళ్లు. మిర్చి బాగా పండిన ఒక ఏడాది ఆయన మద్రాసు పోయి ఎర్రటి స్పోర్ట్స్ కారు ఒకటి పట్టుకొచ్చాడు. ఎవరో తెల్లవాడు వాడి వదిలేసింది. రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. ఎడ్లబండి పక్కన ఆగితే దాని చక్రమంత లేదు. నేను పేరుకు డ్రైవర్ని. నడిపేది ఆయనే, తుడిచేదీ కాపలా కాసేదీ నేను.

ఏడాది తిరిగేసరికి టైర్లు అరిగిపోయాయి. ఆ కొలత టైర్లు ఖమ్మంలో లేవు, మద్రాసులో కూడా దొరకలేదు. చివరికి ఒక పాత టాక్సీ చక్రాలు నాలుగు కొన్నాడు. బోల్టుల రంధ్రాలు కలవకపోతే లేత్ షాపులో పూడ్చి కొత్తగా తొలిపించాం. చక్రాలు కూర్చున్నాయి. బరువు రిమ్ములు, మందం టైర్లు. ఆ చిన్న కారు కింద చూస్తే పసివాడు తండ్రి బూట్లు వేసుకున్నట్టుండేది. ఖమ్మంలో ఒక బంకులో గాలి పట్టించాం. మీటరు ముల్లు ముప్పై చూపించింది. నేను కళ్లారా చూశాను.

మర్నాడే ప్రయాణం. చినబాబు గారి బావమరిది మధిర వైపు నుంచి వచ్చి ఉన్నాడు. పాతికేళ్లు ఉండవు, నెమ్మదస్తుడు, ఏది చెప్పినా తలూపి వినేవాడు. కారులో అతన్ని చింతూరు దాకా తిప్పి తేవాలని చినబాబు గారి ముచ్చట. నాకు సీటు లేదు గనక నేను తెల్లవారుజామునే బస్సెక్కి చెక్‌పోస్టు దగ్గర ఉండాలి. అక్కడ పెద్దన్న విద్య చూపిస్తానని నేనే నోరు జారాను. ముందు రోజు చినబాబు గారు బావమరిది ఎదుటే నాతో ఈ మాట అన్నాడు.

"ఇన్నాళ్లూ నీ కోతలు విని నవ్వాం. రేపు మా బావమరిది ముందు అదంతా ఉత్తిదని తేలిందనుకో, ఇక పనిలోకి రావొద్దు. అబద్ధాలాడేవాడికి తాళాలివ్వను."

నవ్వుతూనే అన్నాడు. కానీ అన్నమాట మీద నిలబడే మనిషి. నా ఇంట్లో అప్పటికి రెండు నెలల పసిపిల్ల ఉంది. జీపు అమ్మిన నాకు చేతిలో వేరే పని లేదు.

చెక్‌పోస్టు దగ్గర ఎర్ర కారు ఆగేసరికి జనం చుట్టూ చేరారు. లారీల వాళ్లు, టీ కొట్టు వాళ్లు, సంతకు పోతూ నెత్తిన బుట్టలతో నిలబడిపోయిన కోయ ఆడవాళ్లు. పెద్దన్న వంగి రిమ్ము లోపలికి చూశాడు. చుక్క లేదు. కర్ర గుంజకు ఆనించి, చేతులు తుడుచుకున్నాడు.

నేను పక్కకు తీసుకుపోయి నా సంగతి చెప్పాను. ఈ ఒక్కసారికి కొట్టు పెద్దన్నా, నౌకరి పోతది అన్నాను. పసిపిల్ల మాట కూడా చెప్పాను. ఆయన నేల చూస్తూ విన్నాడు.

"ఎర్కలేని చక్రం తమ్మీ," అన్నాడు.

అటు నుంచి చినబాబు గారి గొంతు వినబడింది. "ఏమయ్యా, మీ పెద్దన్నకి ముహూర్తం కుదరలేదా?" జనం నవ్వారు. బావమరిది మాత్రం నవ్వలేదు. పోనీ లెండి బావా, పెద్దాయన్ని ఎందుకు, అన్నాడు.

పెద్దన్న నా మొహం ఒకసారి చూసి పోయి కర్ర అందుకున్నాడు.

కారు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి లేచింది, జనం ఊపిరి బిగబట్టారు. నడినెత్తిన ఒకటి. చెంప మీద ఒకటి. రిమ్ము అంచున ఒకటి. నోరు తెరిచి విన్నాడు. మళ్లీ కొట్టాడు. ఎన్నడూ రెండోసారి కొట్టని మనిషి మూడోసారి కూడా కొట్టాడు. తల ఎత్తి అటూ ఇటూ చూశాడు. నేను చినబాబు గారి వెనక నిలబడి ఉన్నాను. కుడిచెయ్యి కడుపు దగ్గర పెట్టుకుని మూడు వేళ్లు చూపించాను.

ఆయన ఆ వేళ్లను చూశాడు. చాలాసేపు చూసినట్టు నాకు గుర్తు. అంతసేపు ఉండదు లెండి.

"ముప్పై," అన్నాడు. ముద్దలు కాదు, ముప్పై. "పోవచ్చు."

చినబాబు గారు చప్పట్లు కొట్టి బావమరిది భుజం చరిచాడు. నిన్న బంకులో ఎంత పెట్టించామో నువ్వే చూశావు కదయ్యా అని నన్ను అడిగాడు. చూశానన్నాను. నాలుగింటికల్లా తిరిగొస్తామని చెప్పి అడవిలోకి వెళ్లిపోయారు. చప్పుడు వినబడకుండా పోయేదాకా పెద్దన్న రోడ్డు మీదే నిలబడ్డాడు.

అది ఎండాకాలం. తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. నేను నీడన కూర్చుని, నా నౌకరి నిలబడ్డ సంబరంలో రెండు టీలు చెప్పాను. ఆయన తాగలేదు. ఒక లారీ ఆగితే పని లేదని పంపేశాడు. చాలాసేపటికి నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"మొద్దుగ మోగింది," అన్నాడు.

మందం టైరు కదా, అందుకే అట్లా మోగి ఉంటుందన్నాను.

"ఏమో. గదే నాకు ఎర్కలే. మందం టైరుకు గట్ల మోగిందో, గాలి లేక గట్ల మోగిందో. నా చెవి ఇరవై అన్నది. నువ్ మూడు వేళ్లు జూపినవ్."

నేను బంకు మీటరు సంగతి చెప్పాను. ముల్లు నా కళ్లతో చూశానన్నాను. ఆయన తలూపాడు గానీ కూర్చోలేకపోయాడు. లేచి రోడ్డు మీదికి పోయి, చింతూరు వైపు పోయే బస్సును చెయ్యడ్డం పెట్టి ఆపాడు. ఎర్ర కారు ఎదురొస్తే ఆపి, మెల్లగ రమ్మనమని, ఎక్కడన్నా గాలి చూపించుకొమ్మనమని డ్రైవరుకు రెండుసార్లు చెప్పాడు. ఆ తర్వాత ఒక సైకిలాయనకు కూడా చెప్పాడు. సైకిలు ఆ కారును ఎక్కడ అందుకుంటుంది. నాకు నవ్వు రావలసింది, రాలేదు.

నాలుగు దాటింది. అయిదు కావస్తుండగా అటు నుంచి వెదురు లారీ వచ్చి గేటు దగ్గర ఆగింది. డ్రైవరు దిగి గార్డుతో చెబుతున్నాడు. చింతూరు ఇంకా దూరం ఉందనగా కల్వర్టు దగ్గర ఎర్ర కారు పల్టీ కొట్టిందట. ముందు టైరు పేలిందట. నడిపే బాబుకు మోకాలు నుజ్జయిందట, బతికే ఉన్నాడట. పక్కన కూర్చున్న పిల్లవాడు అక్కడికక్కడే పోయాడట.

పెద్దన్న ఆ లారీ దగ్గరికి పోయి అడగలేదు. ఉన్నచోటనే నిలబడి, నోరు కొంచెం తెరిచి, ఎడమ చెవి అటు వంచి విన్నాడు.

పోలీసులు అతివేగమని రాసుకున్నారు. మిగిలిన మూడు టైర్లకు మీటరు పెట్టి చూస్తే మూడింటిలోనూ ఇరవై చొప్పున ఉంది. ఖమ్మం బంకులో ముల్లు చెడిపోయి ఉందని తర్వాత తేలింది. గాలి తక్కువతో, ఎండలో, ఆ వేగానికి టైరు కాలి పేలింది. ఎవరూ పెద్దన్నను ఏమీ అనలేదు. చినబాబు గారు దవాఖానా మంచం మీద నుంచి కూడా అనలేదు. నన్ను కూడా పనిలోంచి తీసేయలేదు, కారే లేదు గనక పనే లేకుండా పోయింది. ఆ వేళ్ల సంగతి మా ఇద్దరికే తెలుసు. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆయన మీద అన్ని కథలు చెప్పిన నేను ఆ ఒక్కటీ చెప్పలేదు.

నెల తిరక్కుండా ఆయన మీటరు కొన్నాడని విన్నాను. కర్ర పక్కన పడేశాడట. తెలిసిన చక్రమైనా, తెలియని చక్రమైనా, ముల్లు ఎంత చెబితే అంత. పసుపు చుక్కలున్న పాత లారీలు వచ్చి అడిగాయట, ఒక్కసారి కొట్టి చెప్పు పెద్దన్నా అని. మీటరు పెట్టి చూపించేవాడట. మీటరైతే భద్రాచలంలోనే ఉంది, ఇక్కడ ఆగడం ఎందుకని ఒక్కొక్కరే ఆగడం మానేశారు. నేను ముదిగొండ వైపు వేరేవాళ్ల జీపు తోలుకుంటూ బతికాను. అయిదారేళ్లు ఆ రోడ్డు ముఖం చూడలేదు.

చివరికి ఒకసారి పోవలసి వచ్చింది. భద్రాచలానికి కిరాయి ఉంటే, వాళ్లను దింపేసి, ఎందుకో బండిని చెక్‌పోస్టు దాకా పోనిచ్చాను. రేకులు తుప్పుపట్టాయి. ఆయన నీడన కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. ఏం తమ్మీ అన్నాడు, నిన్ననే చూసినట్టు. పిల్ల ఎంత పెద్దదైందని అడిగాడు. బడికి పోతుందన్నాను.

ఒకసారి కర్రతో చూడరాదా పెద్దన్నా అన్నాను. వద్దంటాడనుకున్నాను. లేచి, రేకు సందులోంచి కర్ర తీసి, దుమ్ము దులిపాడు. జీపు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని మూడుచోట్ల కొట్టాడు. నోరు తెరిచి విన్నాడు. చాలాసేపు విన్నాడు.

"ముప్పై రెండు," అన్నాడు. చెప్పినట్టు లేదు, అడిగినట్టుంది.

నేను పోయి మీటరు తెచ్చి పెట్టాను. ఇరవై రెండు ఉంది.

"సరిగ్గ ముప్పై రెండే పెద్దన్నా," అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు. జాలిగా చూసినట్టనిపించింది.

"నువ్ జెప్పిన అబద్ధాలన్నిట్ల గిదొక్కటే అతకలే తమ్మీ," అన్నాడు.

కర్ర కింద పెట్టాడు. గాలి పైపు లాక్కుని వాల్వుకు పెట్టి, మీటరు నా చేతికిచ్చాడు. నేను చెయ్యి ఎత్తబోయాను.

"కండ్లు ఆనుతలేవు, నువ్వు జదువు. వేళ్లు జూపకు. నోటితోని జెప్పు."

గాలి వదిలాడు.

"ఇరవై నాలుగు," అన్నాను.

ఇంకొంచెం వదిలాడు.

"ఇరవై ఏడు."

ప్రతి అంకెకూ ఆయన తల పక్కకు వంచి, చెవి నా నోటి దగ్గరికి తెచ్చి వింటున్నాడు. చక్రం వైపు చూడనే లేదు.

"ముప్పై," అన్నాను.

"నిజమేనా?"

"నిజమే పెద్దన్నా."

పైపు తీసి, వాల్వు టోపీ బిగించి, మిగిలిన మూడు చక్రాల దగ్గరికి ఒకదాని తర్వాత ఒకటిగా నన్ను తీసుకుపోయాడు.